తెర పడ్డాక మొదలయ్యే పని

నూరెంబర్గ్‌లోని మార్తా చర్చిలో పదహారో శతాబ్దంలో నాటకాలాడేవారు. చెప్పులు కుట్టుకుంటూనే కుప్పలు తెప్పలుగా రాసిన హాన్స్ సాక్స్ అనే కవి కాలం అది. 1914లో మాక్స్ హెర్మన్ అనే బెర్లిన్ పండితుడు, సాక్స్ 1557లో రాసిన ఒక నాటకాన్ని పట్టుకుని, ఆ చర్చిలో బల్లలు ఎక్కడ పరిచి ఉంటారు, ఎంత ఎత్తున పరిచి ఉంటారు, నటులు ఎటునుంచి వచ్చి ఎటు పోయి ఉంటారు అని లెక్కగట్టి ఒక లావుపాటి పుస్తకం వేశాడు. లైప్‌జిగ్ ఆచార్యుడు ఆల్బర్ట్ కోస్టర్‌కి ఆ లెక్క నచ్చలేదు. వేదిక అక్కడ కాదు, అలా కాదు అంటూ తనూ ఒక పుస్తకం రాశాడు. ఎప్పుడో విప్పేసిన చెక్కబల్లల కోసం ఇద్దరు పెద్దమనుషులు సిగపట్లకు దిగారు.

నవ్వొచ్చే గొడవే. కానీ ఈనాటి యూరప్ రంగస్థల పరిశోధన తీరు చాలావరకు ఆ గొడవలోనే తేలింది. అప్పటిదాకా విశ్వవిద్యాలయాల్లో నాటకమంటే అచ్చయిన పుస్తకం. సాహిత్య శాఖలో కావ్యం పక్కన కావ్యంలా దాన్నీ చదివేవారు. హెర్మన్ అడ్డం తిరిగాడు. రాసిన పాఠం కవిది, ఆడిన ఆట మాత్రం నటులదీ ప్రేక్షకులదీ కలిపి అన్నాడు. చూసేవాడూ ఆటలో భాగస్వామేనన్నాడు. 1923లో బెర్లిన్‌లో రంగస్థల అధ్యయనానికి విడిగా ఒక సంస్థ పెట్టించాడు. పదేళ్ళు తిరిగేసరికి నాజీలొచ్చి, యూదుడని ఆయన్ని కొలువులోంచి తీసేశారు. 1942లో తెరేజియన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి పట్టుకుపోయారు. ఆ ఏడాదే అక్కడ చనిపోయాడు. ఆయన చెప్పిన మాట మళ్ళీ చర్చకు రావడానికి దశాబ్దాలు పట్టింది.

అయితే ఆటే అసలైనదనుకుంటే వెంటనే ఒక చిక్కు వస్తుంది. తెర పడ్డాక ఆట ఉండదు. లేనిదాన్ని చదవడమెలా? యూరప్ పరిశోధకులు వందేళ్ళుగా ఈ చిక్కుతోనే కుస్తీ పడుతున్నారు. వాళ్ళ సిద్ధాంతాలు వస్తాయి, పోతాయి. చూసినదాన్ని చూసినట్టు రాసిపెట్టడానికి వాళ్ళు పడిన తంటాలే నాకు ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి.

జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ పండితుడు కాడు గానీ ఈ పనిలో పండితులందరికీ దారి చూపించాడు. 1949 జనవరిలో బెర్లిన్‌లో ‘మదర్ కరేజ్’ ఆడినప్పుడు దృశ్యం దృశ్యానికీ ఫొటోలు తీయించాడు. రూత్ బెర్లౌ కెమెరా పట్టింది. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎందుకు నిలబడ్డారు, ఏ మాట దగ్గర చెయ్యి ఎటు పోయింది అని ఫొటోల పక్కన వివరాలు రాయించాడు. అలా తయారైనదే ‘నమూనా పుస్తకం’. అందులో ఒక ఘట్టం చూడండి. ముప్పై ఏళ్ళ యుద్ధంలో సైన్యం వెంట బండి తోలుకుంటూ సరుకులమ్ముకునే కరేజ్, పట్టుబడిన కొడుకుని విడిపించడానికి లంచం దగ్గర బేరమాడుతుంది. బేరం తెగేలోపే దూరంగా తుపాకుల మోత. ఆ పాత్ర వేసిన హెలెనే వైగెల్ అప్పుడు తల వెనక్కి వాల్చి నోరు పూర్తిగా తెరిచింది. గొంతులోంచి శబ్దం రాలేదు. ఆ మూగకేక ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో కూడా ఆ పుస్తకం చెబుతుంది: సింగపూర్ మీద బాంబులు పడుతున్నప్పుడు చచ్చిపోయిన కొడుకు శవం దగ్గర కూలబడిన ఒక భారతీయ స్త్రీ ఫొటో బహుశా దానికి మూలం. పత్రికలో పడిన ఆ ఫొటోలోని తల్లి ఎవరో, ఏ ఊరినుంచి అంత దూరం వలస వెళ్ళిందో. ఇరవయ్యో శతాబ్దపు యూరప్ రంగస్థలంలో ఎక్కువగా చెప్పుకునే అభినయాల్లో ఒకదానికి ఆమె దుఃఖం ముడిసరుకయింది.

ఇంకొక చిన్న సంగతి. నాటకం చివర్లో కరేజ్ మూగకూతురు కూడా చచ్చిపోతుంది. పాతిపెట్టే ఖర్చుకని కరేజ్ తోలుసంచీలోంచి నాణేలు తీస్తుంది. తీసినవాటిలోంచి ఒకటి మళ్ళీ సంచీలో వేసుకుని, మిగిలినవి రైతుల చేతిలో పెడుతుంది. నాటకం చదివినవాళ్ళకి ఇది దొరకదు. బ్రెహ్ట్ రాసిన సంభాషణలో లేదు, వైగెల్ వేళ్ళలో ఉంది. ఎవరో చూసి రాసిపెట్టబట్టి మనకు మిగిలింది.

ఈ నమూనా పుస్తకాలను ఇతర నాటకశాలలకు పంపితే విమర్శలు రాకపోలేదు. వుపర్టాల్ పట్నంలో అదే నమూనాను ముందుపెట్టుకుని ఆడినప్పుడు, దర్శకుడి స్వేచ్ఛ ఏమైపోవాలని పత్రికలు అడిగాయి. కాపీ కొట్టడం కూడా ఒక కళేనని బ్రెహ్ట్ వాదన. నేర్చుకునేవాడికి అది నిజమే, కానీ తన నమూనా గురించి తనే అలా అంటే వినేవాడికి కాస్త చిరాకు వేస్తుంది. మనవైపు చూస్తే, బి.వి. కారంత్ సురభి కళాకారులతో చేయించిన ‘బస్తీ దేవత యాదమ్మ’ బ్రెహ్ట్ రాసిన ఇంకో నాటకానికి తెలుగు రూపమే. పద్యనాటకం ఒంటపట్టిన సురభి నటులు బ్రెహ్ట్‌ని ఎలా పలికారో, ఎక్కడ తమవైపు లాక్కున్నారో ఫొటో ఫొటోకీ చూపించే అలాంటి పుస్తకం ఒకటి చేతికందితే ఎన్ని సంగతులు తెలుస్తాయో.

ఫ్రాన్స్‌లో ఈ పనిని పద్ధతిగా చేశారు. అక్కడి జాతీయ పరిశోధన సంస్థ 1970 నుంచి ఒక్కొక్క ప్రదర్శన మీద సుదీర్ఘమైన అధ్యయనాలతో సంపుటాలు తెచ్చింది. పోలండ్ దర్శకుడు గ్రొటోవ్‌స్కీ 1965లో చేసిన ‘కాన్‌స్టంట్ ప్రిన్స్’ గురించి అందులో ఒక పరిశోధకుడు బొమ్మలు గీసి మరీ రాశాడు. ప్రధాన పాత్రధారి రిషార్ద్ చెష్లాక్ నటన చూసినవాళ్ళు అతను పూనకంలో ఉన్నాడనుకునేవారు. ఆ ప్రదర్శనకు సంబంధించి బొమ్మ ఒకచోట, శబ్దం వేరొకచోట, వేరే కాలంలో రికార్డయ్యాయి. తర్వాత ఆ రెంటినీ కలిపి చూస్తే పెదవులకీ మాటకీ, కదలికకీ ఊపిరికీ అతికినట్టు సరిపోయింది. పూనకమనుకున్నది అణువణువునా కట్టిన కూర్పని అప్పుడు రుజువైంది. ఇది పరిశోధన వల్లే తేలింది. ఒక్కరోజు చూసి కళ్ళు తుడుచుకుని ఇంటికి పోయినవాడికి తేలే సంగతి కాదు.

పత్రీస్ పవీస్ అనే ఫ్రెంచ్ ఆచార్యుడు విద్యార్థుల కోసం తయారుచేసిన ప్రశ్నావళి ఈ రంగంలో చాలామంది చేతులు మారింది. వెలుగు ఎలా ఉంది, వస్తువులు దేనికి పనికొచ్చాయి, దుస్తులకీ ఒంటికీ సంబంధమేమిటి, నిశ్శబ్దం ఎక్కడ పడింది, ఆట నడక ఎక్కడ బిగిసింది, ఎక్కడ సడలింది, ప్రేక్షకుడిని ఎక్కడ కూర్చోబెట్టారు, అంటూ సాగుతుంది. చివరకు వచ్చేసరికి, ఏ అర్థానికీ లొంగనిదేమైనా మిగిలిందా అని అడుగుతుంది. మంచి పరీక్షా పత్రమంటే ఇలా ఉండాలి. అన్నిటికీ అర్థం చెప్పేసిన విద్యార్థి సరిగా చూడలేదని ఆ ఒక్క ప్రశ్నతో పట్టేయవచ్చు.

జర్మన్ తరగతి గదుల్లో ఇంకో అలవాటుంది. ప్రదర్శన చూస్తున్నంతసేపూ నోట్సు రాయకుండా, చూసొచ్చాక జ్ఞాపకం నుంచి రాయడం. మొదట కథ రాయకూడదు. ఏ క్షణం గుచ్చుకుంది, ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ ఒళ్ళు జలదరించింది అన్నదానితో మొదలుపెట్టాలి. యెన్స్ రోజెల్ట్ వంటి పరిశోధకులు ఆ గుచ్చుకున్న క్షణాన్నే విశ్లేషణకు మొదటి మెట్టుగా పెట్టారు. తర్వాత అందరూ కూర్చుని రాసినవి చదివితే తగాదా మొదలవుతుంది. నటి ఎడమవైపు నుంచి వచ్చిందని ఒకరు, అసలు వేదిక వదలనే లేదని ఇంకొకరు. అప్పుడు వీడియో తీస్తారు. వీడియోలో ఎవరి మాట నిజమో తేలుతుంది గానీ, కెమెరా దగ్గరగా చూపించిన ముఖాన్ని వెనక వరసలో కూర్చున్నవాడు చూడలేదు. వాడికి కనిపించిన వేదిక మొత్తం కెమెరాలో లేదు. కాబట్టి జ్ఞాపకమూ కావాలి, రికార్డూ కావాలి, రెంటి మీదా అనుమానమూ కావాలి.

జర్మన్ పరిశోధకురాలు ఎరికా ఫిషర్-లిష్టే కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1983లో ఆమె మూడు సంపుటాల్లో రంగస్థల సంకేతశాస్త్రం రాసింది. వేదిక మీది ప్రతిదీ ఒక గుర్తు, దాన్ని చదవాలి అన్న ధోరణి అది. 2004లో వచ్చిన పుస్తకంలో దారి మార్చింది. అందులో మొదట చెప్పిన ఉదాహరణ 1975లో ఇన్స్‌బ్రుక్‌లోని ఒక గ్యాలరీలో మరీనా అబ్రమోవిచ్ చేసిన ప్రదర్శన. ఆమె బ్లేడుతో తన పొట్ట మీద నక్షత్రం గీసుకుని, కొరడాతో కొట్టుకుని, మంచుదిమ్మెలతో చేసిన సిలువ మీద పడుకుంది. చూస్తున్నవాళ్ళు కాసేపు ఆగారు, ఇక ఆగలేక లేచి వెళ్ళి ఆమెను ఎత్తుకుని పక్కకు తెచ్చారు. ప్రదర్శన అక్కడితో అయిపోయింది. ఆ నెత్తురుకి అర్థమేమిటి అని అడుగుతూ కూర్చోవడం ఇక్కడ కుదరదు. నటుడు చేసింది ప్రేక్షకుణ్ణి కదిలిస్తుంది, ప్రేక్షకుడు కదిలిన తీరు మళ్ళీ నటుణ్ణి మారుస్తుంది, ఆ చక్రం ఎవరి చేతిలోనూ ఉండదు అని ఫిషర్-లిష్టే సూత్రీకరించింది. హెర్మన్ మాటను దుమ్ము దులిపి పైకి తెచ్చింది కూడా ఆమే.

పద్యనాటకాలు చూసి పెరిగిన తెలుగువాళ్ళకి ఈ సూత్రం కొత్తగా అనిపించదు. రాయబారం నడుస్తుంటే జనంలోంచి ‘వన్స్‌మోర్’ అని కేక లేచేది. కృష్ణుడు కౌరవసభను పక్కనపెట్టి అదే పద్యం మళ్ళీ అందుకునేవాడు, ఈసారి రాగం ఇంకాస్త సాగదీసి. హార్మోనియం మాస్టారు ఆ కేకకు ముందే సిద్ధంగా ఉండేవాడు. మనం దాన్ని అనుభవించాం, ముచ్చటగా చెప్పుకున్నాం, ఆధునికులు కొందరు ఎగతాళి చేశారు. అది ప్రదర్శన స్వభావానికే సంబంధించిన విషయమని జర్మన్లు గ్రంథం రాశారు.

1999లో ఇంకో జర్మన్ పరిశోధకుడు హాన్స్-థీస్ లేమాన్ పుస్తకం వచ్చింది. కథ, సంఘర్షణ, సంభాషణ అనే మూడు స్తంభాల మీద నిలబడిన నాటకం వెనక్కి తగ్గి, 1970ల నుంచి వేరే రకం రంగస్థలం తయారైందని అందులో చూపించాడు. అక్కడ పాఠం రాజు కాదు. వెలుగు, శబ్దం, శరీరం, కాలం వంటి సామగ్రిలో అదీ ఒకటి. హైనర్ మ్యూలర్ రాసిన ‘హామ్లెట్ మెషీన్’ పట్టుమని పదిపేజీలుండదు. 1986లో రాబర్ట్ విల్సన్ దాన్ని చేసినప్పుడు ముందు మాటల్లేకుండా కదలికలన్నీ కూర్చాడు. ప్రేక్షకులూ మొదట ఆ మూగ కదలికల్నే చూశారు. తర్వాత అదే వరస మళ్ళీ వచ్చింది, వేదిక మొత్తం పావు చుట్టు తిరిగి, ఈసారి మాటలతో. అలా భాగం భాగానికీ తిరిగింది. చెయ్యీ మాటా ఒకదాన్నొకటి వివరించలేదు, పక్కపక్కన నడిచాయి. దీన్ని ‘కథ ఏమిటి?’ అని అడిగేవాడు ఇంటికి ఖాళీ చేతులతో పోతాడు. లేమాన్ వేరే ప్రశ్నలిచ్చాడు.

ఆయన కొన్నాళ్ళు పాఠం చెప్పిన గీసెన్ చిన్న ఊరు. 1982లో ఆంద్రెయ్ విర్త్ అక్కడ పెట్టిన సంస్థలో చదువూ ప్రయోగమూ ఒకే కప్పు కింద నడిచాయి. పొద్దున సెమినార్‌లో చదివినదాన్ని సాయంత్రం వేదిక మీద పరీక్షించడం. పత్రికా విమర్శకులు ఆ ఊరిని చాలా దెప్పారు. కానీ దర్శకుడు రెనే పొలెష్, షీ షీ పాప్ బృందం, రిమినీ ప్రోటోకోల్ బృందం అక్కడినుంచి వచ్చినవాళ్ళే. జర్మనీలో ప్రభుత్వ సొమ్ముతో నడిచే నాటకశాలలు దాదాపు 140 ఉన్నాయి. వాటిలో దర్శకుడి పక్కన కూర్చుని పరిశోధనా, పాఠ సంస్కరణా చూసే డ్రమటర్గ్ ఉద్యోగాలుంటాయి. విశ్వవిద్యాలయం తలుపు నేరుగా వేదిక మీదికి తెరుచుకుంటుంది.

దీని చెడ్డ ఫలితాలూ ఉన్నాయి. సిద్ధాంతాన్ని దృష్టిలో పెట్టుకునే ప్రదర్శనలు తయారవడం, ఉత్సవాలన్నిట్లో ఒకే మాదిరి ముక్కలు కనిపించడం. డ్రమటర్గ్ బెర్న్‌ట్ స్టేగెమన్ 2013లో ఒక పుస్తకం రాసి, పాత్రనీ కథనీ వదిలేసిన రంగస్థలం సమాజంలోని సంఘర్షణను చూపించే శక్తిని కూడా వదులుకుందని నిలదీశాడు. ఆ మాటలో సగానికి పైగా న్యాయముందని నా అభిప్రాయం.

మిగతా సగానికి జవాబు రిమినీ ప్రోటోకోల్ దగ్గర దొరుకుతుంది. వీళ్ళు నటుల్ని పెట్టుకోరు. మామూలు మనుషుల్ని, తమ జీవితంలో తాము నిపుణులైనవాళ్ళని వేదిక ఎక్కిస్తారు. 2006లో మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటాన్ని ప్రదర్శించారు. పెద్ద పుస్తకాల బీరువా ముందు ఒక ఆర్థిక చరిత్రకారుడు, కాల్ సెంటర్‌లో పనిచేసే ఒక అంధుడు, ఇంకొందరు తమ కథలు తాము చెప్పుకున్నారు. మరుసటి ఏడాది దానికి ముల్‌హైమ్ నాటక రచన బహుమతి ఇచ్చేసరికి రచయితలు మండిపడ్డారు. నాటకమే రాయనివాళ్ళకి రచన బహుమతేమిటని.

అంతకుముందు 2005లో వాళ్ళే ‘కాల్ కట్టా’ చేశారు. బెర్లిన్‌లో టికెట్టు కొన్న మనిషికి ఒక మొబైల్ చేతికిచ్చి వీధిలోకి పంపిస్తారు. ఫోన్లో అవతల కలకత్తా కాల్ సెంటర్ ఉద్యోగి. ఇటు తిరగండి, ఆ గోడ పక్కన ఆగండి అంటూ తనెప్పుడూ చూడని నగరంలో దారి చూపిస్తుంటారు. మధ్యలో కబుర్లు, పాటలు, ఇంటి సంగతులు. హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టులు చేసినవాళ్ళకి, పేరు మార్చుకుని యాస దిద్దుకుని పరాయి దేశపు ఫోన్లెత్తినవాళ్ళకి, ఈ ప్రదర్శన జర్మన్ల కంటే బాగా అర్థమవుతుంది.

పరిశోధకులకి మాత్రం ఇది తలనొప్పే. ప్రేక్షకుడు ఒక్కడే, నటుడూ ఒక్కడే, మధ్యలో గొంతు తప్ప ఏమీ లేదు. ఇద్దరు విమర్శకులు వెళ్తే ఇద్దరూ చూసినవి వేర్వేరు. జ్ఞాపకం నుంచి రాసినవి పక్కపక్కన పెట్టి తగవు తీర్చుకునే వీల్లేదు, వీడియో ఎక్కడ పెట్టాలో తెలీదు. బెర్లిన్‌లో నడిచినవాళ్ళు తమ నడక గురించి చెప్పగలరు, అంతే. ఆ ఆటను మళ్ళీ మళ్ళీ ఆడి, ఏ మలుపులో ఎవరు నవ్వారో, ఎవరు ఫోన్ పెట్టేయబోయారో, ఏ ప్రశ్నకు ఎవరు అబద్ధం చెప్పారో ఎరిగినవాళ్ళు కలకత్తాలో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నవాళ్ళు. బెర్లిన్ సెమినార్ గదిలో ఆ ప్రదర్శన మీద పత్రం రాయదలిచినవాడు ముందు వాళ్ళకి ఫోన్ చెయ్యాలి.