కెర్నల్ నిర్మాణం: తెలుగు సాంకేతిక వచనంలో లోపించిన వ్యాఖ్య

కంప్యూటర్ రంగానికి చెందిన తెలుగు వచనంపై మన విమర్శ ఎక్కువగా పారిభాషిక పదాల చుట్టూ తిరుగుతున్నది. ‘కెర్నల్’ అనాలా, ‘కేంద్రకం’ అనాలా అన్న చర్చ అటువంటిదే. కాని నర్సీపట్నంలో రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డు కొనుక్కొని, దానికి తగిన లినక్స్ కెర్నల్‌ను తానే నిర్మించుకోదలచిన విద్యార్థికి అడ్డుపడేది పదం కాదు, కారణం తెలియకపోవడం.

ఒక సందర్భం చూద్దాం. నిర్మాణానికి ముందు ‘మెనూకాన్ఫిగ్’ పట్టికలో చాలా అంశాలను కెర్నల్‌లోనే చేర్చాలా, విడి మాడ్యూల్‌గా ఉంచాలా, వదిలివేయాలా అని నిర్ణయించాలి. పరిమాణం తగ్గుతుందని విద్యార్థి ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌ను మాడ్యూల్‌గా మార్చాడనుకొందాం. కంపైలేషన్ దోషం లేకుండా ముగుస్తుంది. బోర్డు మాత్రం ‘కెర్నల్ పానిక్’ అని ఆగిపోతుంది. మెమరీ కార్డులోని రూట్ విభాగాన్ని చదవడానికి ఆ మాడ్యూల్ కావాలి. ఆ మాడ్యూల్ ఉన్నది ఆ విభాగంలోనే. తాళంచెవిని లోపల మరచి పెట్టెకు తాళం వేసినట్టు! బూట్ సమయంలో మెమరీలోకి వచ్చే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో ఆ మాడ్యూల్‌ను ఉంచాలి. లేకుంటే కెర్నల్‌లోనే చేర్చాలి.

ఈ వివరణలో కొత్తగా కల్పించిన పదం ఒక్కటీ లేదు. ‘కావాలి’, ‘ఉన్నది’, ‘లేకుంటే’ అన్న వాడుకమాటలే భారం మోశాయి.

హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సంస్థ లినక్స్ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తేవడం విలువైన కృషి. అయితే అదే దారిలో కెర్నల్ సందేశాలను కూడా తెలుగు చేయాలన్న వాదనతో ఏకీభవించలేను. లినక్స్ టెక్స్ట్ కన్సోల్ ఫాంటులో గరిష్ఠంగా 512 ఆకృతులే పడతాయి. ఒత్తులను, గుణింతాలను కూర్చే ఏర్పాటు అక్కడ లేదు. పైగా దోషసందేశం ప్రపంచమంతటా ఒకే రూపంలో ఉండడం వల్లనే దాని పరిష్కారం వెతికితే దొరుకుతుంది. మల్లినాథసూరి కాళిదాసు శ్లోకాలను మార్చలేదు, అన్వయం చెప్పాడు. ఇక్కడ కావలసినదీ అటువంటి వ్యాఖ్యే. కెర్నల్ మూలంతో పాటు వచ్చే పత్రాలకు చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ అనువాదాలు ఉన్నాయి, తెలుగు లేదు.

కేవలానువాదం కూడా చాలదు. మెనూకాన్ఫిగ్‌లోని ఆంగ్ల సహాయవచనం పలుచోట్ల, సందేహముంటే ఫలానాది ఎంచుకోమని చెప్పి ముగుస్తుంది, ఎందుకో చెప్పదు. యథాతథంగా తెనిగిస్తే ఆ మౌనమే తెలుగులోకి వస్తుంది. ముందుగా రూట్ ఫైల్‌సిస్టమ్, మెమరీ కార్డు డ్రైవర్, సీరియల్ కన్సోల్ అన్న మూడింటికైనా స్వతంత్ర వ్యాఖ్య రాయవలసి ఉన్నది. బోర్డు తెర వెలగకుండా ఆగిపోయినప్పుడు విద్యార్థి మొదట వెతికేది ఆ మూడింటిలోనే.