పన్నెండు గళ్లలో పట్టని ఆట

2025 అక్టోబరు 28, మంగళవారం. మొంథా తుపాను తీరం వైపు వస్తోందని టీవీలన్నీ ఒకటే మాట. విశాఖలో బడులకు సెలవు. గాజువాకలో ఒక ఇంట్లో మాత్రం తెల్లారకముందే లైటు వెలిగింది. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఆ ఇంటి పెద్దాయన స్కేలు, పెన్సిలు, రబ్బరు ముందు పెట్టుకుని టీవీ ఎదుట కూర్చున్నారు. లాస్ ఏంజెలెస్‌లో అప్పటికి సోమవారం సాయంత్రం. బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్. డాడ్జర్స్, టొరంటో బ్లూ జేస్ చెరొకటి గెలిచి ఉన్నాయి.

ఆయనకు ఆట చూడడమంటే స్కోరు రాయడమే.

1988 డిసెంబరు 10న ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో విశాఖ తన మొదటి వన్డే చూసింది. అప్పటికి ఫ్యాక్టరీ ఇంకా కడుతూనే ఉన్నారు. గోదావరి అని పేరుపెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలగడానికి ఏడాది పైనే ఉంది. అప్పటికి కుర్రాడైన ఆయన సెలవు పెట్టి మ్యాచ్‌కి వెళ్లారు; చేతిలో అట్ట వేసిన గళ్ల నోటుబుక్కు ఉంది. న్యూజిలాండ్ మీద శ్రీకాంత్ 70 పరుగులు కొట్టాడు, ఆపైన బంతి పట్టి 27 పరుగులకే 5 వికెట్లు తీశాడు. బాదుడుకి పేరుమోసిన మనిషి బౌలింగ్ పేజీలో అలా నిండుగా కనిపించేసరికి, స్కోరుబుక్కు మీద ఆయనకు మోజు పుట్టింది. తర్వాత ముప్ఫై ఏళ్లు షిఫ్టు లాగ్‌బుక్కులు రాశారు. ‘సీ’ షిఫ్టు దిగిపోయేవాడు ఏం చూశాడో ‘ఏ’ షిఫ్టుకి వచ్చేవాడికి చెప్పేది ఆ పుస్తకమే. ఆట దగ్గరా ఆయనది అదే పద్ధతి.

క్రికెట్‌లో పరుగు రాని బంతికి చుక్క పెడతారు. ఓవరంతా ఆరు చుక్కలే అయితే వాటిని గీతలతో కలిపి ఇంగ్లిష్ ‘ఎం’ చేస్తారు, అది మెయిడెన్. అందులో వికెట్ కూడా పడితే ‘డబ్ల్యూ’గా కలుపుతారు. ఈ విద్యను ఆయన కూతురికి చిన్నప్పుడే నేర్పారు. 2005 ఏప్రిల్ 5న మధురవాడ దగ్గరి కొత్త స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టిన రోజు చుక్కలు పెట్టింది ఆ అమ్మాయే. చుక్కలు పెట్టే పని ఆ రోజు ఆమెకు పెద్దగా పడలేదు!

ఇప్పుడు ఆ కూతురు లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగం చేస్తూ తండ్రికి బేస్‌బాల్ స్కోరు నేర్పింది. అక్కడ ఫీల్డర్లకు నంబర్లుంటాయి: పిచ్చర్ 1, క్యాచర్ 2, షార్ట్‌స్టాప్ 6. బంతి షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్ బేస్‌మన్‌కి, అక్కణ్నుంచి ఫస్ట్ బేస్‌మన్‌కి వెళ్లి ఇద్దరు అవుటైతే 6-4-3 అని రాస్తే చాలు. స్ట్రైకవుట్‌కి ‘కె’. బ్యాట్ ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైనవాడికి ఆ ‘కె’ని తిరగేసి రాస్తారు. నిలబడి అవుటవడం వేరు, ఊపి అవుటవడం వేరు అని తేడా చూపే ఆ తిరగేసిన అక్షరం ఆయనకు భలే నచ్చింది. ఈ లెక్కలకు ఆద్యుడు హెన్రీ చాడ్విక్. ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికా చేరి, అక్కడి పత్రికలకు క్రికెట్ వార్తలు రాస్తూ రాస్తూ బేస్‌బాల్ వైపు మళ్లినవాడు. అంటే గాజువాక పెద్దాయన దారిలో నూట అరవై ఏళ్ల ముందే ఒకాయన నడిచాడన్నమాట.

ఇక ఆ మంగళవారం సంగతి. బేస్‌బాల్‌కి తొమ్మిది ఇన్నింగ్స్. ఎందుకైనా మంచిదని ఆయన మరో మూడు కలిపి పన్నెండు గళ్లు గీశారు. తొమ్మిది అయ్యేసరికి 5-5. పన్నెండూ అయ్యాయి, అదే 5-5. ఇంకో కాగితం గీసి అన్నం మెతుకులతో అంటించారు. షోహెయ్ ఒటానీకి బ్యాట్ ఊపే అవకాశమే ఇవ్వకూడదని బ్లూ జేస్ నాలుగుసార్లు కావాలనే వాక్ ఇచ్చి పంపింది. అప్పటికే అతను రెండు హోమ్‌రన్లు, రెండు డబుల్స్ కొట్టి ఉన్నాడు మరి. మొత్తం తొమ్మిదిసార్లు బేస్ చేరాడు. బయట గాలి కిటికీ రెక్కను కొడుతోంది. వంటింట్లోంచి ఆవిడ వచ్చి, “ఏటండీ, ఇది ఇంకా అవ్వలేదా? తుపానే ముందొచ్చేలాగుంది” అన్నారు.

అభిమానులంతా ఒటానీని చూస్తుంటే ఆయన పెన్సిలు మాత్రం విల్ క్లైన్ వరస దగ్గర ఆగింది. డాడ్జర్స్ దగ్గర మిగిలిన ఆఖరి రిలీఫ్ పిచ్చర్లలో ఒకడు. నాలుగు ఇన్నింగ్స్, 72 బంతులు, ఒక్క పరుగూ ఇవ్వలేదు. అంటించిన కాగితం మీద నాలుగు సున్నాలు వరసగా పడ్డాయి. పద్దెనిమిదో ఇన్నింగ్స్‌లో ఫ్రెడీ ఫ్రీమన్ హోమ్‌రన్‌తో 6-5 అయ్యేసరికి మనకు మధ్యాహ్నం పన్నెండు దాటింది. 6 గంటల 39 నిమిషాలు, 609 పిచ్‌లు. మన వన్డేలో రెండు జట్లూ నిండా ఆడితే పడేవి 600 బంతులే. వెంటనే కూతురు ఫోను. అక్కడ అర్ధరాత్రి. “నాన్నా, పేజీ సరిపోయిందా?”

ఆ రాత్రికి తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది.

అదే నోటుబుక్కులో కొద్ది పేజీల వెనక అక్టోబరు 12 ఉంది. మహిళల ప్రపంచ కప్పులో భారత్, ఆస్ట్రేలియా మ్యాచ్, మన విశాఖలోనే. స్టాండ్‌కి మిథాలీ రాజ్ పేరు పెట్టిందీ ఆ రోజే. స్మృతి 80, ప్రతీక 75, మనవాళ్లు 330. ఎలీసా హీలీ 142 కొట్టి ఆస్ట్రేలియాను గెలుపు బాట పట్టించింది. మహిళల వన్డేల్లో అంతవరకు అంత పెద్ద ఛేదన లేదు. సొంతూరి గ్రౌండ్‌లో ఓటమి రాయడం ఆయనకు కష్టమైంది, కానీ ఒక్క బంతీ వదల్లేదు. ఆ పేజీలో కడప అమ్మాయి శ్రీచరణి తీసిన మూడు వికెట్లు ఉన్నాయి. వదిలేసి ఉంటే అవీ పోయేవి.

ఆ రికార్డు పద్దెనిమిది రోజులు నిలిచింది. అక్టోబరు 30న నవీ ముంబయి సెమీస్‌లో అదే ఆస్ట్రేలియా మీద జెమీమా 127 నాటౌట్‌గా నిలిచి 341 చేయించింది. పద్దెనిమిది ఇన్నింగ్స్, పద్దెనిమిది రోజులు అని ఆయన మార్జిన్‌లో రాసుకున్నారు.

నవంబరు 2 ఆదివారం ఆయన జీవితంలోనే పెద్ద డ్యూటీ. పొద్దున్నే వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, పదకొండు ఇన్నింగ్స్‌లు సాగి డాడ్జర్స్ 5-4తో గెలిచింది. ముందురోజే 96 పిచ్‌లు వేసిన యమమోతో మళ్లీ వచ్చి ముగించాడు. సాయంత్రం ప్రపంచ కప్పు ఫైనల్, వాన వల్ల రెండు గంటలు ఆలస్యం. దీప్తికి 5 వికెట్లు, మనకు 52 పరుగుల తేడాతో గెలుపు, అర్ధరాత్రి దాటాక కప్పు. దక్షిణాఫ్రికా పేజీలో బాష్ పేరు ఎదురుగా సున్నా ఉంది, పక్కన బౌలర్ గడిలో శ్రీచరణి పేరుంది. ఆయన ఆ పేరును పెన్సిలుతో కాక పెన్నుతో రాశారు.

ఈ ఆదివారం మీ పిల్లలు టీవీ ముందు కూర్చుంటే వాళ్ల చేతికి ఒక గళ్ల నోటుబుక్కు ఇవ్వండి. మొదటి ఓవర్ మీరు రాసి చూపించండి. రెండో ఓవర్ నుంచి వాళ్లను రాయనివ్వండి.