ఆకుపచ్చ అంటే సరిపోదు

వర్ణన అంటే విశేషణాలు పేర్చడమే అనుకునేవాళ్లు, కొత్త ఖనిజాన్ని లోకానికి పరిచయం చేసే శాస్త్రపత్రం ఒక్కటైనా చదవాలి. రాయడం గురించి అలాంటి పత్రాలు నాకు నేర్పినంత అలంకారశాస్త్రం నేర్పలేదు. వాటిలో నాకు బాగా ఇష్టమైనది కార్న్‌వాలైట్, కార్నుబైట్‌ల కథ.

రెండూ ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ రాగి గనుల్లో తేలినవే. అక్కడి ముడిఖనిజంలో రాగితో పాటు ఆర్సెనిక్ ఉంటుంది. పైనుంచి గాలి, వాననీరు దిగేకొద్దీ అది మెల్లగా శిథిలమై, పగుళ్లలో పచ్చని రాగి ఆర్సెనేట్ పొరలుగా పేరుకుంటుంది. ఈ గనుల ఆర్సెనేట్లను 1801లోనే ఖనిజ శాస్త్రవేత్త కౌంట్ ద బూర్నాన్ వర్ణించాడు. 1846లో జిప్పె అనే మరో ఖనిజ శాస్త్రవేత్త వాటిలో ఒకదానికి కార్న్‌వాలైట్ అని పేరు పెట్టాడు.

నూరేళ్లు దాటాయి. 1950ల చివర్లో క్లారింగ్‌బుల్, హే, డేవిస్ అనే శాస్త్రవేత్తలు మరో పచ్చని ఖనిజాన్ని పరీక్షించారు. దాని కూర్పులో ఐదు రాగి పరమాణువులకు రెండు ఆర్సెనేట్లు, నాలుగు హైడ్రాక్సిల్‌లు. అచ్చం కార్న్‌వాలైట్ లెక్కే! పరమాణువుల అమరికను పట్టిచ్చే ఎక్స్-రే ఫిల్మ్ మీది గీతలు మాత్రం దానితో కలవలేదు. ముగ్గులో చుక్కలు అవే అయినా కలిపే తీరు మారితే ముగ్గే మారిపోతుంది కదా, ఇదీ అంతే. కార్న్‌వాలైట్ స్ఫటిక అక్షాల మధ్య ఉండే మూడు కోణాల్లో రెండు లంబకోణాలు. కొత్తదాని అమరికలో ఆ నియమమేదీ లేదు. దానికి కార్నుబైట్ అని పేరు పెట్టారు.

ఇలాంటి పత్రంలో రంగుకు దక్కేది మహా అయితే ఒక వాక్యం. మిగతాదంతా సాంద్రత, వక్రీభవన గుణకం, ఎక్స్-రే గీతల మధ్య దూరాలు, వాటి తీవ్రతలు. ఆ పైన, అన్నిటికంటే దగ్గరి బంధువుతో పోలిక ఎక్కడిదాకా, తేడా ఎక్కడినుంచి అన్నది. నా దృష్టిలో అసలు రచన అక్కడే ఉంది. కొత్త ఖనిజమని ఒప్పుకోవాలంటే ఇప్పుడు అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం ఆమోదముద్ర కావాలి. అనుమానం ఉన్నవాళ్లు మళ్లీ పరీక్షించుకునేలా మూల నమూనాను మ్యూజియానికి అప్పగించాలి. రాసిన మాటకు అంత పూచీ!

ఇప్పుడు దీని పక్కన మనం రాసే సంతాప వ్యాసాలు పెట్టి చూడండి. ‘మృదుస్వభావి, స్నేహశీలి, నిరాడంబరుడు’. పేరు కొట్టేసి చదివితే పక్కింటాయనకూ అతికిపోతాయి. ఆ మనిషికీ, అచ్చం ఆయనలాంటి ఇంకొకరికీ తేడా చెప్పేదాకా మన పని పూర్తి కానట్టే. అలా రాసిపెడితే ఎప్పటికో మరొకరికి పనికొస్తుంది కూడా. కార్న్‌వాలైట్ ఏమిటో ముందే తెలిసి ఉండబట్టే కదా, కార్నుబైట్ కొత్తదని పోల్చుకోగలిగారు.