ఒక్క మాత్ర ఎడం

చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకొని, పెళ్లితోనో ఉద్యోగంతోనో గజ్జెలు అటక ఎక్కించిన నలభై ఏళ్ల ఆడవాళ్లని ఒంటిచేతి ముద్రలైన అసంయుత హస్తాలు 28 చెప్పమని అడిగి చూడండి. పతాకం, త్రిపతాకం, అర్ధపతాకం, కర్తరీముఖం దాకా గడగడా వస్తాయి. మయూరం, అర్ధచంద్రం దగ్గర జోరు తగ్గుతుంది. అరాళం దాటాక నవ్వేసి ఊరుకుంటారు. అదే మనిషిని, సర్టిఫికెట్ పరీక్షకు నేర్చుకున్న జతిస్వరం చేయమనండి. ముందు "అయ్యో, ఇప్పుడేం చేస్తనమ్మా" అంటుంది. తర్వాత కొంగు నడుముకు చుట్టి నిలబడుతుంది. అరమండి సగమే దిగవచ్చు, ఊపిరి మధ్యలోనే అయిపోవచ్చు. వరుస మాత్రం తప్పదు. మొదటి జతి, పల్లవి, కుడివైపు కూర్పు, ఎడమవైపు కూర్పు, ముక్తాయింపు, మళ్లీ పల్లవి. ముస్తాబాద్, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు ఊళ్లల్లో బస్సెక్కి వెళ్లి డ్యాన్స్ క్లాసు నేర్చుకున్న తరానికి ఈ ఐటెం ఇంటిపేరులాగే గుర్తుంటుంది.

దీన్ని చిన్ననాటి ముచ్చట అని సరిపెడతాం. నాకు ఆ జవాబు చాలదు. అదే వయసులో, అదే ఉత్సాహంతో బడి వార్షికోత్సవానికి సినిమా పాటకు వేసిన స్టెప్పులు ఎవరికైనా గుర్తున్నాయా? పాట గుర్తుంటుంది, వేసుకున్న డ్రెస్సు గుర్తుంటుంది, అడుగులు పోతాయి. జతిస్వరం పోకపోవడంలో పిల్ల గొప్పతనం కొంత, గురువు బెత్తం కొంత ఉంటే ఉండవచ్చు. ఎక్కువ పాలు మాత్రం ఆ కూర్పుదే. పిల్లల పరీక్ష కోసమని మనం చిన్నచూపు చూసే ఆ పది నిమిషాల ఐటెం పనితనాన్ని దగ్గరగా చూద్దామనే ఈ వ్యాసం.

కూచిపూడి పుట్టుకతో నాటకం. కృష్ణా జిల్లా కూచిపూడి అగ్రహారంలో మగవాళ్లే ఆడవేషాలు కట్టి మేళంగా ఆడిన కళ. భామాకలాపంలో సత్యభామ జడ, నడక, అలక దానికి ప్రాణం. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వంటివారు దాన్ని మేళం నుంచి విడదీసి ఒక్కరే చేయదగిన అంశాలుగా మలిచారు, ఆడపిల్లలకూ నేర్పారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి అడవులను, అంటే అడుగుల కట్టులను, ఒక క్రమంలో పేర్చి, ఏ ఏడాది ఏది నేర్పాలో తేల్చారు. ఆ క్రమంలోకి వచ్చి చేరిన అతిథి జతిస్వరం. దాని పుట్టిల్లు తంజావూరు సోదరులు నలుగురు, చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు, 19వ శతాబ్దం తొలినాళ్లలో తీర్చిన భరతనాట్య కచేరీ పద్ధతి. అరువు తెచ్చుకున్నదని మొహం చిట్లించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను మాత్రం ఆ అరువు తెలివైనదే అంటాను. పదేళ్ల పిల్లకు సత్యభామ అలక అర్థం కాదు, అర్థమైనట్టు నటిస్తే మనం చూడలేం. జతిస్వరంలో సాహిత్యం లేదు, కథ లేదు, నాయిక లేదు. స్వరం, జతి, ఒళ్లు, అంతే. పిల్ల తన వయసుకు మించినదేదీ నటించనక్కరలేదు.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. పల్లవి అంటే తాళం ఒకటి రెండు ఆవర్తనాల స్వరాల వరుస. ప్రతి కూర్పు తర్వాతా అది తిరిగి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ దాని మీద అడుగులు వేరు. చెవికి పాతది, కాలికి కొత్తది. ఇందులో అందం ఎంత ఉందో ఉపకారమూ అంత ఉంది. తడబడ్డ పిల్లకు పల్లవి ఒక గట్టు, అక్కడికి చేరితే చాలు, మళ్లీ అందుకోవచ్చు. కూర్పులు మొదట చిన్నవి, పోనుపోను పొడుగు. మొదటిది కుడివైపు చేశాక అదే ఎడమవైపు చేయాలి. అంటే ఒకటి నేర్చుకుంటే రెండు వచ్చినట్టు. ఇలా రెండుసార్లు అలవాటు చేశాక, మంచి కూర్పరి మూడోసారి మాట తప్పుతాడు. కుడి అయింది, ఇక ఎడమే కదా అని పిల్ల ఒళ్లు అప్పుడే తిరగబోతుంటే, కూర్పు వెనక్కి నడుస్తుంది. పరీక్షకు వచ్చిన సార్ అప్పటిదాకా కాగితాలు చూసుకుంటూ ఉన్నా ఇక్కడ తల ఎత్తుతారు. కంఠతా పట్టిందా, తెలిసి చేస్తున్నదా అన్నది ఆ ఒక్క మలుపులో బయటపడుతుంది.

చేతుల విషయంలో చూపిన పొదుపు చూడండి. 28 హస్తాలూ శ్లోకంలో వల్లె వేయించారు గానీ, ఐటెంలో వాడేవి నాలుగైదు. పతాకం, త్రిపతాకం, కటకాముఖం, అలపద్మం, శిఖరం. అవే వేళ్లు ఎదపై ఉన్నప్పుడు ఒకలా, చాచినప్పుడు ఒకలా, తలపై విచ్చుకున్నప్పుడు ఇంకోలా పలుకుతాయి. చేయి ఎటు పోతే చూపు అటు పోవాలన్న నందికేశ్వరుడి నియమం ఒక్కటి పట్టుకుంటే, మెడ, తల వాటంతటవే కదులుతాయి. పిల్లకు చెప్పేది ఒకటి, చూసేవాళ్లకు కనపడేది నాలుగు.

అసలు పనితనం కూర్పును ముగించే ముక్తాయింపులో ఉంది. దీని దగ్గర కాసేపు ఆగాల్సిందే. ఆది తాళానికి 8 అక్షరాలు, అక్షరానికి 4 మాత్రలు, మొత్తం 32. అందరికీ తెలిసిన చిన్న ముక్తాయింపు ఒకటి తీసుకుందాం. తదిగిణతోం, మూడుసార్లు. ఒక్కోదానికి 5 మాత్రలు, మూడింటికి 15. తాళంలో వెనక సగం, అంటే రెండు ద్రుతాలు (ఒక్కోదానికి ఒక దెబ్బ, ఒక ఉసి) కలిపి 16 మాత్రలు. ఒక మాత్ర మిగిలింది. ఆ మిగిలినదాన్ని ఎక్కడ పెట్టాలి? చివర పెడితే పల్లవికి ముందు గొయ్యి పడ్డట్టు ఉంటుంది. అందుకని మొదట్లో పెడతారు. దెబ్బ పడుతుంది, పిల్ల ఒక్క మాత్ర ఊరుకుంటుంది, తర్వాత ఎత్తుకుంటుంది.

ఆ చిన్న ఎడం ఏం చేస్తుందో వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. మొదటి తదిగిణతోం, దెబ్బ తర్వాత ఒక మాత్రకు మొదలవుతుంది. రెండోది తర్వాతి ఉసి దాటి రెండు మాత్రలకు. మూడోది ఆపై దెబ్బ దాటి మూడు మాత్రలకు. తాళం వేసే చేయి మొదట 'ణ' మీద పడుతుంది, తర్వాత 'గి' మీద, తర్వాత 'ది' మీద. ఒక్కో అక్షరం వెనక్కి జరుగుతూ వస్తుంది. ఇక మిగిలింది 'త'. అది పడాల్సిన చోటికి ముక్తాయింపు అయిపోయి, పల్లవి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, ఠక్కున అందుకుంటుంది. చూసేవాళ్లకు ఈ లెక్కలేవీ తెలియవు. ఏదో జారిపోతున్నట్టు, జారి జారి సరిగ్గా నిలబడినట్టు అనిపిస్తుంది, చప్పట్లు కొడతారు. మాత్రకో అడుగు వేసే కూర్పయితే ఇంకో చమత్కారం కూడా ఉంది. అయిదు బేసి సంఖ్య కాబట్టి, మొదటిది కుడికాలితో ఎత్తుకుంటే రెండోది దానంతటదే ఎడమకాలికి వస్తుంది, మూడోది మళ్లీ కుడికి. కాలు మార్చుకొమ్మని పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు, లెక్కే మారుస్తుంది.

పరీక్షలో ఆడితే అయిపోదు. కూర్చొని తాళం వేస్తూ నోటితో చెప్పమంటారు. అడవులు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, చేయమంటారు. పిల్లలకు ఇది పీడగానే ఉండేది. నాట్యం వచ్చినప్పుడు మళ్లీ నోటితో చెప్పడం ఎందుకని గొణుక్కునేవాళ్లు. ఇన్నేళ్ల తర్వాత కూడా వరుస తప్పకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. ఒకే సంగతి కాలికి అడుగుగా, నోటికి జతిగా, చేతికి తాళంగా మూడుచోట్ల చేరింది. కాలు మరిస్తే నోరు అందిస్తుంది, నోరు తడబడితే చేయి దారిలో పెడుతుంది. సినిమా పాట స్టెప్పులకు ఈ సదుపాయం లేదు.

ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల పద్ధతిలో సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు. పై చదువుకు వెళ్లినవాళ్లు తరంగం గురించి చెబుతారు. నారాయణ తీర్థుల శ్రీకృష్ణ లీలా తరంగిణి నుంచి తీసుకున్న కీర్తనకు, నడుమ ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి జతులు చేయడం. తల మీద నీళ్ల చెంబు పెట్టుకోవడమూ ఉంది. చెంబుకు జనం నోరు తెరుస్తారు గానీ, నాకు పళ్లెమే గొప్ప. అన్నేళ్లు పిల్లకు నేర్పింది కాలెత్తి నేలను కొట్టడం. పళ్లెం ఎక్కగానే ఆ విద్య అక్కరకు రాదు. కాలి వేళ్లతో అంచును పట్టుకొని, బరువును ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుస్తూ పళ్లేన్నే నడిపించాలి. కాలు లేవకుండా జతి వినిపించాలి. వచ్చిన విద్యను చేతిలోంచి తీసేసుకొని, ఇప్పుడు చెయ్యి అనడం ఎంత కఠినమైన పరీక్షో కదా!

మన తెలంగాణ నృత్యం పేరిణి ఉండగా ఈ కూచిపూడి మాట ఎందుకని ఎవరైనా అడగవచ్చు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతి జాయప రాసిన నృత్త రత్నావళిని, రామప్ప గుడి శిల్పాలను ముందు పెట్టుకొని నటరాజ రామకృష్ణ పేరిణికి మళ్లీ ప్రాణం పోశారు. ఇప్పటి పిల్లలు దాన్ని నేర్చుకుంటున్నారు, సంతోషమే. కానీ నేను చెబుతున్న తరం చిన్నప్పుడు, మా వైపు డ్యాన్స్ క్లాసంటే కూచిపూడే.

బాలేలోనూ ఇలాంటి జ్ఞాపకాలే ఉంటాయి. 1920లో లండన్‌లో మొదలై తర్వాత రాయల్ అకాడమీ ఆఫ్ డ్యాన్స్‌గా పేరుపొందిన సంస్థ పిల్లలకు గ్రేడుల వారీగా పరీక్షలు పెడుతుంది. మార్గో ఫాంటేన్ అంతటి నర్తకి 1954 నుంచి 1991లో చనిపోయేదాకా దానికి అధ్యక్షురాలు. అక్కడ సిలబస్ మారినప్పుడు పాత పరీక్ష నాట్యాలు పక్కకు పోతాయి, పెద్దవాళ్లయిన పిల్లలు తమ గ్రేడు నాట్యాన్ని తలచుకొని బెంగపడతారు. మన దగ్గర ఆ బెంగ తక్కువ. ఒకే గురువు శాఖలో నేర్చుకుంటే తల్లి చేసిన జతిస్వరమే కూతురూ చేస్తుంది. శాఖ మారితే మాత్రం ఇంట్లో తగువే. "నువ్వు చేసేది తప్పు" అని తల్లి, "మా మేడం ఇట్లనే చెప్పింది" అని కూతురు. ఇద్దరిదీ ఒప్పే.

జతిస్వరం కాకపోయినా, అందరూ ఉమ్మడిగా నేర్చుకున్న ఐటెం ఎంత పని చేయగలదో 2010 డిసెంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో చూశాం. సిలికానాంధ్ర పెట్టిన అంతర్జాతీయ కూచిపూడి సమ్మేళనంలో 2,800 మందికి పైగా ఒకేసారి హిందోళ తిల్లానా చేశారు, అది గిన్నిస్ రికార్డుకెక్కింది. రికార్డుల మీద నాకు పెద్ద మోజు లేదు. కానీ పిల్లలు, గృహిణులు, అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటూ వచ్చినవాళ్లు ఒక్క నేల మీద ఒక్క ముక్తాయింపుకు కాలు దించాలంటే, ఆ కూర్పు ఎంత పదిలంగా కట్టి ఉండాలో ఆలోచించండి. వదులుగా అల్లిందైతే వేలమంది కాళ్ల కింద చెదిరిపోయేది.

ముస్తాబాద్ మగవాళ్లకు ఇలాంటి జ్ఞాపకం వేరేచోట ఉంది. చిరుతల రామాయణం. ఊళ్లో కొందరు కలిసి గురువును కుదుర్చుకొని, పగలు పని చేసుకొని, రాత్రిళ్లు నెలల తరబడి నేర్చుకొని, చివరికి పట్టాభిషేకం దాకా ఆడతారు. చిన్నప్పుడు అంగదుడి వేషం కట్టిన మనిషి యాభై ఏళ్లొచ్చినా తన దరువు మరవడు. అక్కడి పనితనం ఇంకో తీరు. గుండ్రంగా తిరుగుతూ చిరుతలు కొట్టే అడుగు, పాడే గొంతుకు అడ్డం రానంత తేలికగా ఉంటుంది. ఆడేవాళ్లే పాడాలి మరి. దరువు ముగింపుకొచ్చేసరికి నడక హెచ్చి, చిరుతలన్నీ ఒక్కసారి ఆగుతాయి. ఇక ఆడవాళ్ల వైపు చూస్తే, బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ వంగి లేచిన ఆడపిల్ల కూచిపూడి క్లాసుకు వెళ్లేటప్పటికే తాళం నడక ఒంటికి పట్టించుకొని ఉంటుంది. డ్యాన్స్ మేడంకు అక్కడ సగం శ్రమ తప్పినట్టే.

ఇంత చేసిన పనివాళ్ల పేర్లు మాత్రం వెతకాల్సి వస్తుంది. స్వరం ఎవరు కట్టారో, దానిమీద అడవులు ఎవరు పేర్చారో, ముందు ఒక్క మాత్ర వదలాలని ఎవరికి తోచిందో అడిగితే, చేసి చూపించిన ఆవిడ "మా సార్ చెప్పిండు" అంటుంది. ఆ సార్‌ను అడిగితే తమ గురువుగారి పేరు చెబుతారు. రాత పరీక్షలో శిరోభేదాలు 9, దృష్టిభేదాలు 8, గ్రీవాభేదాలు 4 రాయమని అడుగుతారు. నువ్వు రేపు చేయబోయే జతిస్వరం ఎవరి కూర్పు అన్న ప్రశ్న కూడా రెండు మార్కులకు చేర్చవచ్చు.