కుట్టుమిషను చుట్టూ కట్టిన నవల

మోనికా అలీ తొలి నవల ‘బ్రిక్ లేన్’ 2003లో వచ్చి, ఆ ఏడాదే బుకర్ తుది జాబితాకెక్కింది. కథ క్లుప్తంగా చెప్పేయొచ్చు. బంగ్లాదేశ్ పల్లెటూరి పిల్ల నజ్నీన్‌ను పద్దెనిమిదేళ్లకి, నలభయ్యేళ్ల చానుకిచ్చి పెద్దలు పెళ్లి చేస్తారు. 1985లో లండన్ టవర్ హామ్లెట్స్‌లో కాపురం. చూడాల్సింది కట్టడాన్ని.

కథనం నజ్నీన్ చూపు దాటదు. ఆమెకి ఇంగ్లీషు రాదు కనుక లండన్ మనకీ అర్థంకాని రొదలాగే వినిపిస్తుంది. కనిపించేదల్లా ఇరుకు ఫ్లాటు, కిక్కిరిసిన సామాను, ఎదుటి కిటికీలో పచ్చబొట్లావిడ. భర్త కాళ్ల ఆనెకాయలు కోస్తూ అతని ఉపన్యాసాలు వింటుంది. రాని ప్రమోషను, గోడకెక్కిన సర్టిఫికెట్లు, ఎప్పుడూ ఏదో ఒక పథకం. మొదట చాను మనల్ని నవ్విస్తాడు. అదే మాటల ధోరణి సాగుతూండగానే ఆ నవ్వు జాలిగా మారుతుంది. ఎక్కడ మారిందో వెనక్కి తిరగేసి వెతికినా దొరకదు. నాకు ఈ నవలలో అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇదే.

తర్వాతది కాలాన్ని మడిచిన తీరు. పసికందైన కొడుకు రకీబ్ చనిపోయాక నజ్నీన్ కథ ఆగిపోతుంది. ఆ చోట ప్రేమించి లేచిపోయిన చెల్లెలు హసీనా ఢాకా నుంచి రాసే ఉత్తరాలు మొదలవుతాయి, 1988 నుంచి 2001 దాకా. అవి ముగిసేసరికి అక్కకి ఇద్దరు ఎదిగిన కూతుళ్లు! పుత్రశోకాన్ని వర్ణించకుండా పదమూడేళ్ల మౌనం కింద దాచేసింది రచయిత్రి. ఆ ఉత్తరాల వంకర ఇంగ్లీషు మాత్రం నాకు మింగుడుపడదు. అక్కకి బెంగాలీలో రాసే పిల్ల మాటలు అలా ఎందుకు తడబడాలి?

ఇక కుట్టుమిషను. దాన్ని ఇంటికి తెచ్చింది చానూయే. గుడ్డలు తెచ్చిచ్చే మధ్యవర్తిగా కరీం గడప తొక్కేది దానివల్లే. ప్రేమా, వీధి రాజకీయమూ అతని వెంటే లోపలికొస్తాయి. హసీనా కూడా ఢాకా ఫ్యాక్టరీలో కుట్టుపనే చేసింది. పెద్దలు కుదిర్చిన పెళ్లి, ప్రేమపెళ్లి – రెండూ సూది దగ్గరికే చేరాయి. ఢాకా, లండన్‌లలోని బంగ్లాదేశీ కుట్టు కార్మికురాళ్ల మీద నైలా కబీర్ చేసిన అధ్యయనానికి రచయిత్రి కృతజ్ఞతలు చెప్పుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

చివరికి చాను ఒంటరిగా ఢాకా విమానమెక్కుతాడు. నజ్నీన్ కూతుళ్లతో లండన్‌లోనే ఉండిపోతుంది. అప్పటికి ఆమెకి పని వచ్చు, రజియాలాంటి స్నేహితురాలుంది, సొంత సంపాదనుంది.