కాశీమజిలీ కథలు - వెండితెర : భయహాస్యముల పొత్తు

భయమును నవ్వును ఒకే కథలో కలిపి చెప్పుట మన పెద్దలకు క్రొత్తగాదు. తల తెగుట, శాపము తగులుట, రాక్షసుడు మ్రింగుట లేని కథను మన పిల్లలు కథగా లెక్కింపలేదు. చదువుటకును వినుటకును తగిన యీ పొత్తు వెండితెరపై నిలుచునా? ఈ ప్రశ్నకు మద్రాసు నగరమే ఒక సమాధానము నిచ్చినది.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి (1868-1928) కాశీమజిలీ కథలు పండ్రెండు భాగముల గ్రంథము. కాశికేగు మణిసిద్ధుడు తోడువచ్చు గోపబాలునకు మజిలీకొక కథ చెప్పుట అందలి కట్టుబాటు. గ్రంథము పిల్లలకొరకే పుట్టినది గాదు. శృంగారపు పాలు అందు హెచ్చే. అయినను వినువాడు బాలుడగుటచేతను, ఇంటింట పెద్దలు ఏరి చెప్పుటచేతను అది బాలుర సొత్తైనది. కథ మిక్కిలి భయంకరమైనచోట చెప్పువాని గొంతు మారును. ఆ గొంతే ధైర్యమిచ్చును.

ఈ గ్రంథములోని కథ నాధారముగా గొని, అల్లావుద్దీను కథాచ్ఛాయలు కలిపి, విజయావారు 1951లో 'పాతాళభైరవి' నిర్మించిరి. దర్శకులు కె. వి. రెడ్డిగారు, రచన పింగళి నాగేంద్రరావుగారిది. తెరమీద కథకుని గొంతు లేదు. మరి పిల్లవానికి ధైర్యమిచ్చువారెవరు? భయపెట్టువాడే! ఎస్. వి. రంగారావుగారి నేపాళమాంత్రికుడు నరబలికి సాహసవంతుని వెదకు క్రూరుడు. అయినను అతని పలుకుబడి, 'డింభకా' యను పిలుపు, శిష్యుడు సదాజపునితోడి వ్యవహారము మనలను నవ్వించును. బలి యీయవచ్చినవాడే బలియగుట, సంజీవనిచే మరల లేచుట, పెండ్లిమోజున శక్తికి మూలమైన గడ్డమును తానే పోగొట్టుకొనుట - ఇవి ఘోరములే, నవ్వులాటలే. రెంటిని విడదీయ వీలుపడదు.

రేలంగిగారి శూరసేనుని హాస్యము వేరు. అది కథ ప్రక్కన నడచును. తీసివేసినను భయము తగ్గదు. మాంత్రికుని హాస్యమును తీసివేసినచో కథయే కూలును. అనుసరణకు గీటురాయి ఇదియేయని నా అభిప్రాయము.

పసివారికి క్రౌర్యము చూపరాదను వారు కలరు. వారి జాగ్రత్త మెచ్చదగినదే. కాని భయమును కోసివేసిన కథలో సాహసమునకు పని యేమి? తోటరాముని ధైర్యము మాంత్రికుని క్రౌర్యమంతటిదే.

చిత్రమున లోపము లేకపోలేదు. మణిసిద్ధుడును గోపబాలుడును పోయిరి, మజిలీ పోయినది, ఒక కథ నిలిచి, కథలదండ తెగినది. విజయాసంస్థను నడపిన నాగిరెడ్డి చక్రపాణిగార్లే 1947లో మద్రాసున స్థాపించిన 'చందమామ'లో దండ తెగలేదు. శవమును భుజమున మోయు రాజు, ఆ శవమునుండి ప్రశ్నించు బేతాళుడు నెలనెలకు వచ్చుచుండిరి. అంతటి భయానకమును పిల్లలు పండుగవలె ఎదురుచూచిరి.

నేడు ఆ పత్రిక లేదు. చెన్నపట్టణమున పుట్టిన మన పిల్లలలో తెలుగు మాటాడియు చదువనేరనివారు పెక్కుమంది. వారికి ఈ కథలలోనికి తెరయే ద్వారము. చిత్రము చూపుడు, కాని అది ముగిసినపిదప ప్రక్కన కూర్చుండి, తెర విడిచిన కథను మీ గొంతుతో చెప్పుడు. మణిసిద్ధుని చోటు ఇంకను ఖాళీగానే యున్నది.