మెరుపు వెనుక పనితనం

కొత్త కుళాయి అద్దంలా మెరుస్తోందంటే ఆ ఘనత ముందుగా పాలిష్ పనివాడిది. పోతపోసిన ఇత్తడిని అతను బఫింగ్ చక్రం మీద నున్నగా తీర్చాకే పూత మొదలవుతుంది. మొదట నికెల్, దానిపై క్రోమియం. తుప్పు పట్టకుండా అడ్డుకునేది ఎక్కువగా నికెల్. గీతలు పడకుండా కాచేది క్రోమియం. ఆ పైపొర మందం సాధారణంగా 1 మైక్రాన్ కూడా ఉండదు!

బోరునీళ్ల ఇళ్లలో ఏ పూతకైనా అసలు పరీక్ష. చుక్క ఆరిన చోటల్లా కాల్షియం తెల్లగా పేరుకుంటుంది. మ్యాట్ నలుపు పూత మీద ఆ మరకలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. బ్రష్డ్ నికెల్ కొంత దాచుకుంటుంది.

అందుకే అనుభవమున్న ప్లంబర్ రంగుకన్నా ముందు నీళ్ల సంగతి అడుగుతాడు. బాత్‌రూమ్ యాసిడ్ తగలనివ్వొద్దంటాడు: అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం క్రోమియాన్నే తినేస్తుంది. క్రోమ్ మీది తెల్లమరకకు నీళ్లు కలిపిన వెనిగర్‌తో తడిపిన గుడ్డ కాసేపు చుట్టి, కడిగి, పొడిగా తుడిస్తే చాలు.